ఆకుపచ్చ గీత ఇనుముదేనని అయాన్ ట్రాప్ ఎలా చెబుతుంది?

ముందు నీ మూడు ప్రశ్నలూ ఒకచోట పెడతాను, చదివే మిగతావాళ్ళకి కూడా సంగతి తెలియాలి కదా. నువ్వు ఏయూలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడు. ఆదిత్య-ఎల్1 గురించి జరిగిన ఒక ఉపన్యాసంలో, అందులోని కరోనాగ్రాఫ్ (సూర్యుడి నడిమి వెలుగుని కప్పేసి, చుట్టూ ఉండే పలచని వేడి పొర కరోనాని చూసే పరికరం) 530.3 నానోమీటర్ల దగ్గర ఇనుము ఇచ్చే ఆకుపచ్చ గీతని చూస్తుందనీ, అలాంటి గీతల్ని భూమ్మీద అయాన్ ట్రాపుల్లో, అంటే ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువుల్ని పట్టి ఉంచే యంత్రాల్లో, కొలుస్తారనీ విన్నావు. ఇరవై లక్షల డిగ్రీల ప్లాస్మాని పెడితే ఆ ట్రాప్ కరిగిపోదా అన్నది మొదటి ప్రశ్న. క్వాంటమ్ మెకానిక్స్ ఉంది, కంప్యూటర్లు ఉన్నాయి, లెక్క కట్టేస్తే పోయేదానికి కొలవడం ఎందుకు అన్నది రెండోది. స్పెక్ట్రోస్కోపీ పాతబడిపోయింది, అందులో పీహెచ్‌డీ చేస్తే అంతే సంగతులు అని సీనియర్లు అంటున్నారు, నిజమేనా అన్నది మూడోది. చివర్లో, మీ నాన్నగారు స్టీల్ ప్లాంట్ ల్యాబులో పనిచేస్తారనీ, ఆయన రోజూ చూసేవి ఇనుము గీతలేననీ ఒక ముక్క రాశావు. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ చివరి ముక్కే.

నేను ముప్పై ఏళ్ళకి పైగా ఈ ట్రాపుల చుట్టూ తిరిగాను, కొన్నాళ్ళు జర్మనీలో, కొన్నాళ్ళు అమెరికాలో. ఇప్పుడు రిటైరై లాసన్స్ బే కాలనీలో ఉంటున్నాను. నీది నా మనవరాలి వయసు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమనుకోకు.

మీ నాన్నగారి ల్యాబు నుంచే మొదలుపెడదాం. కరిగిన ఉక్కులోంచి కొంచెం తీసి, బిళ్ళలాగా పోతపోసి, పైన అరగదీసి, ఆర్గాన్ వాయువులో దాని మీద స్పార్క్ కొట్టిస్తారు. ఆ వెలుగుని విడదీసి చూస్తే కార్బన్ ఎంత, మాంగనీసు ఎంత, గంధకం ఎంత అన్నది కాసేపట్లో తెరమీదకి వచ్చేస్తుంది. ఇనుము గీతలు వేలల్లో కనిపిస్తాయి. కానీ ఆ గీతలన్నీ మామూలు ఇనుప పరమాణువువి, లేదా ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న ఇనుమువి. ఇనుముకి మొత్తం 26 ఎలక్ట్రాన్లు. మొదటిదాన్ని ఊడబెరకడానికి 7.9 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల లెక్కల్లో శక్తికి కొలమానం) చాలు. స్పార్క్‌కి అది సులువు. సూర్యుడి కరోనాలో ఆకుపచ్చ గీత ఇచ్చే ఇనుముకి 13 ఎలక్ట్రాన్లు లేవు. పదమూడోదాన్ని లాగడానికి ఒక్కదానికే 361 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. అందుకే ఆ గీత మీ నాన్నగారి తెరమీద ఏనాడూ కనిపించదు. మూలకం ఒకటే అయినా, ఎలక్ట్రాన్లు పోయినకొద్దీ అది గీతల లెక్కన వేరే మనిషి.

ఇక్కడే ఒక పేరు గొడవ. దీన్ని పుస్తకాల్లో 'ఐరన్ 14' అని రోమన్ అంకెలతో రాస్తారు. తటస్థ పరమాణువుని 'ఐరన్ 1' అనడం ఖగోళశాస్త్రం వాళ్ళ పద్ధతి, కాబట్టి 14 అంటే పోయినవి 13. పరీక్షల్లో దీని దగ్గర మార్కులు పోగొట్టుకున్నవాళ్ళని లెక్కలేనంతమందిని చూశాను. ఒక పెద్దాయన సెమినార్‌లోనే తడబడటం కూడా చూశాను.

ఇప్పుడు కరగడం సంగతి. ఇంట్లో ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే చేత్తో పట్టుకో. గోరువెచ్చగా ఉంటుంది, అంతే. లోపల ఎలక్ట్రాన్లది సుమారు పదివేల డిగ్రీల వేడి. గాజు కరగదెందుకు? వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు. లోపలున్న ఎలక్ట్రాన్లు అంత కొద్ది. ట్రాప్‌లో అయితే ఇంకా కొద్ది. పది కోట్ల ఇనుప అయాన్లు పట్టామనుకో, వాటి బరువు గ్రాములో లక్ష కోట్లో వంతు కూడా ఉండదు. పైగా అవి గోడని తాకవు, తాకకుండా చూడటమే ట్రాప్ పని.

నిజానికి మా ట్రాప్‌లో 'ఇరవై లక్షల డిగ్రీలు' అన్నదే ఉండదు. పత్రికల్లో "నక్షత్రాన్ని సీసాలో బంధించిన శాస్త్రవేత్తలు" అని శీర్షిక చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మేం నక్షత్రాన్ని తయారుచెయ్యం. నక్షత్రంలో కలగాపులగంగా జరిగేదాన్ని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కనీ మన చెప్పుచేతల్లోకి తెచ్చుకుంటాం. కరోనాలో ఎలక్ట్రాన్లు రకరకాల వేగాలతో అన్ని దిక్కులా పరిగెడతాయి. మా దగ్గర అన్నీ ఒకే దిక్కులో, దాదాపు ఒకే శక్తితో పోతాయి. ఆ శక్తి ఎంతన్నది ఒక నాబ్ తిప్పి నేను నిర్ణయిస్తాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకో, మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంది.

ఆ యంత్రం పేరు ఎలక్ట్రాన్ బీమ్ అయాన్ ట్రాప్. పొడి అక్షరాల్లో ఈబిట్. మొదటిది 1986లో అమెరికాలోని లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో పనిచెయ్యడం మొదలుపెట్టింది. ఇప్పుడు హైడెల్‌బర్గ్‌లో, టోక్యోలో, షాంఘైలో, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో ఉన్నాయి. ట్రాప్ అన్నదానికి తెలుగులో ఉచ్చు అని రాస్తారుగానీ, కుందేలుని పట్టినట్టు వినిపిస్తుంది. ల్యాబులో మేం తెలుగువాళ్ళం నలుగురం చేరి మాట్లాడుకున్నా ట్రాప్ అనే అనుకున్నాం.

ఎలా పనిచేస్తుందంటే, ఒక చివర వేడెక్కిన క్యాథోడ్. అందులోంచి ఎలక్ట్రాన్లు వస్తాయి. మధ్యలో ఒక సూపర్ కండక్టింగ్ అయస్కాంతం, పెద్ద యంత్రాల్లో 3 టెస్లాలు. ఆ క్షేత్రం ఎలక్ట్రాన్ పుంజాన్ని నలిపి నలిపి తలవెంట్రుకంత సన్నగా చేస్తుంది, 60–70 మైక్రాన్లు. ఈ పుంజం మూడు గొట్టాల గుండా పోతుంది. రెండు చివరి గొట్టాలకి ఎక్కువ పాజిటివ్ వోల్టేజీ, నడిమి గొట్టానికి తక్కువ. పాజిటివ్ అయాన్ ఈ చివరికి పోతే గెంటేస్తారు, ఆ చివరికి పోతే గెంటేస్తారు, నడిమి గదిలోనే అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. మరి పక్కలకి పారిపోదా? అక్కడ ఎలక్ట్రాన్ పుంజమే కాపలా. అది నెగెటివ్ కాబట్టి అయాన్లని తనవైపు లాక్కుంటుంది, అయస్కాంత క్షేత్రం కూడా దానికి తోడు. అదే పుంజం అయాన్ల ఎలక్ట్రాన్లని ఒక్కొక్కటిగా కొట్టి ఊడగొడుతుంది. అదే పుంజం వాటిని వెలిగిస్తుంది కూడా. మూడు పనులూ ఒక్కరే చేస్తున్నారన్నమాట, చిన్న ఆఫీసులో గుమాస్తాలాగా.

పుంజం శక్తి 400 ఎలక్ట్రాన్ వోల్టులు, కరెంటు 10 మిల్లీ ఆంపియర్లు అనుకో. గుణించు. 4 వాట్లు. బెడ్‌రూమ్ నైట్ బల్బంత. కరిగే ప్రశ్న ఇక్కడితో సరి.

లోపలికి ఇనుము ఎలా పోతుందని కూడా అడగాలి నువ్వు, అడగలేదు. ఇనుప రజను చల్లరు. ఐరన్ పెంటాకార్బొనిల్ అనే ద్రవం ఉంది, లేదా ఫెర్రోసీన్ అనే పొడి. వాటి ఆవిరిని సన్నని ధారగా పుంజం మీదకి వదులుతారు. పుంజం అణువుని ముక్కలు చేసి, ఇనుముని పట్టుకుని, కార్బన్, ఆక్సిజన్ లాంటి తేలికవాటిని చాలావరకు పోనిస్తుంది. ఈ పోనివ్వడంలో ఒక అందం ఉంది. తేలిక అయాన్లకి ఛార్జి తక్కువ కాబట్టి గట్టు దాటి తేలిగ్గా బయటికి పోతాయి, పోతూ పోతూ వేడిని మోసుకుపోతాయి. దాంతో లోపలున్న బరువైన అయాన్లు చల్లబడతాయి. ఎండాకాలం కుండ చెమర్చి లోపలి నీళ్ళు చల్లబడటం లాంటిదే. ఇందుకోసమే కొన్నిసార్లు కావాలని నియాన్‌నో నైట్రోజన్‌నో కొద్దిగా వదులుతారు.

సరే, గీత ఇనుముదేనని ఎలా తెలుస్తుంది? నాబ్ తిప్పడం ద్వారా. పుంజం శక్తి 361 కంటే తక్కువ ఉంచావనుకో, పదమూడో ఎలక్ట్రాన్ ఊడదు, ఆకుపచ్చ గీత ఉండదు. మెల్లగా పెంచుతూ 361 దాటించు, గీత లేచి వస్తుంది. ఇంకా పెంచి 392 దాటించు, ఇప్పుడు పద్నాలుగోది కూడా ఊడటం మొదలవుతుంది, గీత తగ్గుతూ పోతుంది. ఏ శక్తి దగ్గర పుట్టి ఏ శక్తి దగ్గర వాడిపోతుందో చూస్తే ఆ గీత ఎవరిదో తెలిసిపోతుంది. ఈ సాక్ష్యం సూర్యుడిలో దొరకదు, ఎందుకంటే సూర్యుడి నాబ్ మన చేతిలో లేదు.

చెప్పడం సులువు. చేసేటప్పుడు మొదటి ఇబ్బంది ఏమిటంటే, మీటరు మీద కనిపించే వోల్టేజీ ఎలక్ట్రాన్ అసలు శక్తి కాదు. పుంజంలో తోటి ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి మధ్యలో శక్తి మీటరు చెప్పినదానికంటే కొంత తక్కువ ఉంటుంది. కరెంటు మారిస్తే ఆ తేడా కూడా మారుతుంది. ఈ సవరణ సరిగ్గా చెయ్యని విద్యార్థి 361కి బదులు వేరే అంకె దగ్గర గీత పుట్టిందని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాడు. ఒక్కడు కాదు, ప్రతి ఏడూ ఒకడు.

ఈ గీతకి మన ఊళ్ళతో ఒక దూరపు చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వస్తే ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు, ఇంగ్లీషు ఖగోళ శాస్త్రవేత్త పాగ్సన్ మచిలీపట్నంలో. సూర్యుడి అంచున పసుపు గీత కనిపించింది, అదే తర్వాత హీలియం అయింది. ఆ మరుసటి ఏడాది, 1869 ఆగస్టు గ్రహణంలో, అమెరికాలో యంగ్, హార్క్‌నెస్ ఈ ఆకుపచ్చ గీతని చూశారు. భూమ్మీద ఏ మూలకానికీ అది సరిపోలేదు. హీలియంలాగే ఇదీ కొత్త మూలకమేమో అనుకుని 'కరోనియం' అని పేరు పెట్టేశారు. హీలియం 1895లో భూమ్మీద దొరికింది. కరోనియం ఎంత వెతికినా దొరకలేదు. 1939లో జర్మన్ శాస్త్రవేత్త గ్రోట్రియాన్ దారి చూపించాడు, ఆ తర్వాత రెండు మూడేళ్ళలో స్వీడన్ శాస్త్రవేత్త ఎడ్లేన్ తేల్చాడు. అది ఇనుమే, పదమూడు ఎలక్ట్రాన్లు పోయిన ఇనుము. కరోనా అంత వేడిగా ఉంటుందని లోకం నమ్మడానికి దారి ఆ గీతే. డెబ్భై ఏళ్ళు పట్టింది.

ఎందుకు అన్నేళ్ళు? ఎడ్లేన్ దగ్గర కూడా ఆ గీతని ల్యాబులో ఇచ్చే దీపం లేదు. వ్యాక్యూమ్ స్పార్కుల్లో ఇనుము ఇచ్చే అతినీలలోహిత గీతల్ని కొలిచి, శక్తి మట్టాల తేడాలు లెక్కగట్టి చేరుకున్నాడు. మామూలు గీత వెలువడటానికి నానోసెకన్లు చాలు. ఈ ఆకుపచ్చది 'నిషిద్ధ' గీత. ఒక అయాన్ ఉత్తేజిత స్థితిలోకి వెళ్ళాక వెలుగు ఇవ్వడానికి సగటున 16.7 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. మనకి కనురెప్ప పాటు కూడా కాదు గానీ, పరమాణువు లెక్కన యుగం. మామూలు దీపంలో ఆలోగా అది ఎవరినో ఒకరిని గుద్దుకుంటుంది, లేదా గోడకి కొట్టుకుంటుంది, శక్తి వెలుగు కాకుండానే పోతుంది. కరోనాలో ఘన సెంటీమీటరుకి పది కోట్ల నుంచి వంద కోట్ల ఎలక్ట్రాన్లు, అంతే. అది మనం పీల్చే గాలితో పోలిస్తే ఖాళీ. అక్కడ అయాన్‌కి తీరిక ఉంది. ట్రాప్‌లో కూడా ఆ తీరిక ఇవ్వగలం. ఆ 16.7 కొలిచింది కూడా ఈబిట్‌లోనే. పుంజాన్ని ఒక్కసారిగా ఆపేస్తారు, అయస్కాంతమూ చివరి గొట్టాలూ అయాన్లని అలాగే పట్టుకుని ఉంటాయి, కొత్తగా వెలిగించేది లేదు కాబట్టి ఉన్న వెలుగు ఎంత వేగంగా తగ్గుతోందో లెక్కపెడతారు. రేడియోధార్మికత అర్ధజీవితకాలం ప్రయోగం ప్రాక్టికల్స్‌లో చేసి ఉంటావు, గ్రాఫు అచ్చం అలాగే ఉంటుంది.

ఇక్కడ నా పరువు పోయిన కథ ఒకటి చెప్పాలి. పీహెచ్‌డీ రెండో ఏడు. ఇనుము పెట్టి కొలుస్తుంటే ఏ పట్టికలోనూ లేని ఒక గీత కనిపించింది. పదకొండు రోజులు దాని మీద కూర్చున్నాను. ఏ రెండు మట్టాల మధ్యదో కూడా ఊహించి, నాలుగు పేజీల నోట్సు రాసేశాను. మా గైడు వచ్చి అంతా విని, ఒక్క మాట అడిగాడు: "ఇనుము ఆపి చూశావా?" చూడలేదు. ఆవిరి వాల్వు కట్టేశాను. ఇనుము గీతలన్నీ మాయమయ్యాయి. నా గీత మాత్రం నిక్షేపంగా ఉంది. అది బేరియం. క్యాథోడ్‌ని టంగ్‌స్టన్‌తో చేసి అందులో బేరియం పట్టిస్తారు, ఎలక్ట్రాన్లు సులువుగా రావడానికి. వేడికి ఆ బేరియం కొద్దికొద్దిగా ఆవిరై ట్రాప్‌లోకి చేరుతుంది. బరువైనది కాబట్టి బయటికి పోదు, పేరుకుంటూ ఉంటుంది. అందుకే కొన్ని సెకన్లకోసారి గొట్టాల వోల్టేజీ మార్చి ట్రాప్ మొత్తం ఖాళీ చేసి మళ్ళీ మొదలుపెట్టాలి. నేను బద్ధకించి ఆ వ్యవధి పెంచేశాను. ఇప్పటికీ ఎవరైనా కొత్త గీత దొరికిందంటే నా నోట వచ్చే మొదటి ప్రశ్న ఆపి చూశావా అన్నదే.

నీ రెండో ప్రశ్న, లెక్క కట్టేస్తే పోదా అన్నది. దీనికి వాదన కంటే ఒక కేసు చెబితే మేలు.

ఇనుము 15 ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నాక పదహారోది ఊడటానికి 489 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. కానీ పదిహేడోదానికి 1262 కావాలి. ఎందుకంటే పదహారు పోయాక మిగిలేవి పది, నియాన్‌లాగా గట్టిగా మూత పడిన అమరిక. అందుకని ఈ 'ఐరన్ 17' చాలా విశాలమైన ఉష్ణోగ్రతల్లో చెక్కుచెదరకుండా ఉంటుంది. సూర్యుడి కరోనాలో, కాపెల్లా లాంటి నక్షత్రాల్లో, పాలపుంతల్లో, ఎక్కడ ఎక్స్‌రే దుర్భిణి తిప్పినా 15 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర దీని గీతలు రెండు పక్కపక్కన కనిపిస్తాయి. ఒకటి 15.01 దగ్గర, పేరు 3సి. రెండోది 15.26 దగ్గర, పేరు 3డి. వీటి బలాల నిష్పత్తి తెలిస్తే అక్కడి ప్లాస్మా గురించి ఎంతో చెప్పొచ్చు. సిద్ధాంతం ప్రకారం స్వాభావిక బలాల నిష్పత్తి సుమారు 3.5. ఆకాశంలో చూస్తే తక్కువ వచ్చేది. ల్యాబులో చూసినా తక్కువే.

దశాబ్దాల పాటు రెండు వర్గాలుగా విడిపోయి కొట్టుకున్నాం. లెక్కలవాళ్ళు మీ కొలతలో తప్పుందన్నారు, కొలతలవాళ్ళు మీ లెక్కలో ఏదో వదిలేశారన్నారు. లివర్‌మోర్ వాళ్ళు ఒక చిక్కు విప్పారు. పదిహేను ఎలక్ట్రాన్లే పోయిన ఇనుముది ఒక గీత సరిగ్గా 3డి మీద పడుతుంది, అది కలిస్తే 3డి లావెక్కి నిష్పత్తి తగ్గుతుంది. నిజమే, కానీ దాంతో మొత్తం తేడా తీరలేదు. 2012లో ఈబిట్‌ని తీసుకెళ్ళి స్టాన్‌ఫర్డ్‌లోని ఎక్స్‌రే లేజర్ ముందు పెట్టారు. ఎలక్ట్రాన్‌తో గుద్దించే బదులు ఎక్స్‌రేతో నేరుగా ఉత్తేజపరిచారు, అప్పుడు గుద్దుళ్ళ లెక్కల్లో తప్పులన్న సాకు ఉండదు. 2.61 వచ్చింది. సిద్ధాంతం ఓడిపోయిందని నేచర్ పత్రికలో అచ్చయింది. ఆ రోజు మా క్యాంటీన్‌లో లెక్కలవాళ్ళ బల్ల దగ్గర ఒక్కరూ మాట్లాడలేదు.

అక్కడితో అయిపోలేదు. ఆ లేజర్ పల్సులు మరీ తీవ్రమైనవి, వాటి వల్లే నిష్పత్తి తగ్గి కనిపించి ఉండొచ్చని అనుమానం వచ్చింది. హైడెల్‌బర్గ్ వాళ్ళు శాశ్వత అయస్కాంతాలతో నడిచే చిన్న ఈబిట్ ఒకటి చేసుకున్నారు, 0.86 టెస్లా. ఎలక్ట్రాన్ గన్‌ని పక్కకి జరిపి పెట్టారు, దాంతో ఎక్స్‌రే పుంజం నేరుగా మధ్యలోంచి పోగలదు. దాన్ని హాంబర్గ్‌లోని పెట్రా-3 సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లని గుండ్రంగా తిప్పి ఎక్స్‌రేలు పుట్టించే యంత్రం) దగ్గర పెట్టి 2020లో కొలిస్తే 3.09 వచ్చింది. ఇంకా తక్కువే. అదే బృందం పట్టు వదలక స్పష్టత పెంచి మళ్ళీ కొలిచింది. గీత నడినెత్తి మీదే కాకుండా రెండు పక్కలా సన్నగా సాగే రెక్కల్లో కూడా వెలుగు ఉంటుంది. ముందటి కొలతలో ఆ రెక్కలు వెనకనున్న రొదలో కలిసిపోయి లెక్కలోకి రాలేదు. రెక్కలు కూడా కలిపితే 2022లో 3.51 వచ్చింది. సిద్ధాంతం చెప్పినదే.

చివరికి లెక్కలవాళ్ళే గెలిచారు కదా అంటావు. గెలిచారు. కానీ ఆ పట్టికల్లోని వేలాది అంకెల్లో ఏది నమ్మాలో ఏది నమ్మకూడదో తెలియడానికి ఈ కొట్లాట అవసరం పడింది. చాలా ఎలక్ట్రాన్లున్న అయాన్‌కి గీత స్థానం లెక్కగట్టి చెప్పమంటే ఎన్ని ప్రోగ్రాములుంటే అన్ని జవాబులు వస్తాయి. 2023 సెప్టెంబరులో జపాన్ ఎగరేసిన ఎక్స్‌రిజమ్ ఉపగ్రహంలో ఎక్స్‌రేని 5 ఎలక్ట్రాన్ వోల్టుల తేడాకి విడదీసే పరికరం ఉంది. అది చూపించే గీతకి పట్టికలోని స్థానం అంతకంటే ఖచ్చితంగా లేకపోతే ఆ పరికరం పెట్టిన డబ్బు దండగ. అదే జాతి మైక్రో కేలరీమీటరుని (ఒక్కో ఎక్స్‌రే తగిలినప్పుడు పుట్టే వేడిని కొలిచే పరికరం) లివర్‌మోర్ ఈబిట్‌కి కూడా బిగించి వాడారు, ఆకాశంలో చూసే కన్నుతోనే నేలమీద కూడా చూడాలని.

ఒక హెచ్చరిక మాత్రం ఇచ్చి ముందుకెళతాను. ట్రాప్‌లో వచ్చిన తీవ్రతల్ని అలాగే తీసుకెళ్ళి నక్షత్రానికి అంటించకూడదు. మా ఎలక్ట్రాన్లన్నీ ఒకే దిక్కులో పోతాయన్నాను కదా, దానివల్ల వెలుగు ధ్రువణం చెందుతుంది, అన్ని దిక్కులకీ సమానంగా రాదు. ఆ సవరణ చెయ్యాలి. ఆ తర్వాత ఒక్కో శక్తి దగ్గర కొలిచినవాటిని నక్షత్రంలోని వేగాల పంపిణీతో కలిపి కూడాలి. సాంద్రత కూడా ఒకటి కాదు, ఈబిట్‌లో కరోనాకంటే చాలా ఎక్కువ.

ఇదంతా వేడి వైపు కథ. చల్లని వైపు వేరే ట్రాపులున్నాయి, నిజం చెప్పాలంటే నీలాంటి కొత్తవాళ్ళకి మన దేశంలో అవే ఎక్కువ అందుబాటులో ఉంటాయి. నక్షత్రాల మధ్య మేఘాల్లో కొన్ని డిగ్రీల కెల్విన్ దగ్గర ఉండే అణు అయాన్ల వర్ణపటం కావాలంటే ఎలక్ట్రాన్ పుంజం పనికిరాదు, అణువు చితికిపోతుంది. అక్కడ పాల్ ట్రాప్. కదలని విద్యుత్ క్షేత్రం ఒక్కదానితోనే అయాన్‌ని ఎక్కడా నిలబెట్టలేం, ఇది ఎర్న్‌షా సిద్ధాంతం, నీ సిలబస్‌లోనే ఉంటుంది. అందుకని క్షేత్రాన్ని రేడియో పౌనఃపున్యంతో అటూ ఇటూ మారుస్తారు. అరచేతిలో కర్ర నిలబెట్టి చెయ్యి కదుపుతూ ఉండే పిల్లాణ్ణి ఊహించుకో. పోలిక పూర్తిగా అతకదు, పిల్లాడు కర్రని చూసి కదుపుతాడు, ట్రాప్ చూడకుండానే ఊపుతుంది. దీనికి వోల్ఫ్‌గాంగ్ పాల్‌కి, ట్రాపుల మీదే పనిచేసిన డెమెల్ట్‌కి 1989 నోబెల్‌లో వాటా వచ్చింది. నాలుగు కడ్డీలకి బదులు 22 కడ్డీలు గుండ్రంగా పెడితే ఊపు అంచుల దగ్గరే ఉంటుంది, నడిమి ప్రదేశం ప్రశాంతంగా ఉంటుంది, అయాన్లు వేడెక్కవు. గెర్లిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త తెచ్చిన పద్ధతి ఇది. లోపల కొద్దిగా చల్లని హీలియం వదిలితే అయాన్లు దాన్ని తగిలి తగిలి చల్లబడతాయి.

దీని గొప్ప విజయం 2015ది. నక్షత్రాల వెలుగులో ఎవరివో తెలియని శోషణ పట్టీలు వందల్లో ఉన్నాయి, 1922 నాటికే లిక్ అబ్జర్వేటరీలో మేరీ లీ హెగర్ వాటిలో మొదటివాటిని గుర్తించింది. 1994లో రెండు కొత్త పట్టీలు కనిపించాయి, 9577, 9632 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర. అరవై కార్బన్ల బంతి ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటే వచ్చేవేమోనని అప్పుడే అనుమానించారు. రుజువు కావాలంటే ఆ అయాన్‌ని ఒంటరిగా, చల్లగా పట్టుకుని చూడాలి. ట్రాప్‌లో ఉన్న కొద్ది అయాన్ల వెలుగు మింగడం చూసి కొలవలేం, అంత తక్కువ. బాజెల్ బృందం చేసిన చమత్కారం ఇదీ: 6 కెల్విన్‌ల లోపు చల్లబరిస్తే బంతికి ఒక హీలియం పరమాణువు అతుక్కుంటుంది. లేజర్ వెలుగుని మింగిందా, ఆ హీలియం ఊడిపోతుంది, బరువు నాలుగు తగ్గుతుంది. వెలుగుని చూడక్కర్లేదు, బరువు తగ్గిన అయాన్లని ఒక్కొక్కటిగా లెక్కపెడితే చాలు. గీతలు సరిగ్గా ఆకాశంలోని చోటే వచ్చాయి. తొంభై ఏళ్ళు దాటిన చిక్కులో మొదటి ముడి అలా వీడింది. మిగతా వందల పట్టీలు ఇంకా అలాగే ఉన్నాయి, పని కావాలనుకున్నవాళ్ళకి.

మూడో ప్రశ్నకి జవాబు ఇప్పటికే సగం వచ్చేసింది. స్పెక్ట్రోస్కోపీ పాతదే. ఏయూలో ఫిజిక్స్ ప్రొఫెసర్ రంగధామరావు గారి కాలం నుంచీ ఆ విద్య ఉంది, నువ్వు నడిచే వరండాల్లోనే. కానీ పాత విద్య కావడానికీ పని అయిపోవడానికీ సంబంధం లేదు. ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాను. దేశంలో ఈ రంగంలో ల్యాబులు తక్కువ. తిరుపతిలో ఐసర్, ఐఐటీ కలిసి నడుపుతున్న కామోస్ట్ అనే కేంద్రం ఉంది, పరమాణు, అణు, కాంతి శాస్త్రాల కోసమే. అక్కడ సమ్మర్ ప్రాజెక్టుకి రాసి చూడు, రైలు ఎక్కితే తెల్లారేసరికి ఉంటావు. అంతా కుదిరి పీహెచ్‌డీ చేశాక సరిగ్గా ఇదే పని దొరక్కపోయినా నష్టం లేదు. నాతో చేసినవాళ్ళలో సగంమంది ఇప్పుడు వ్యాక్యూమ్ కంపెనీల్లో, చిప్పుల తయారీలో, మాస్ స్పెక్ట్రోమీటర్లు చేసే చోట ఉన్నారు. ట్రాప్‌తో పనిచేసినవాడికి లీక్ వెతకడం వస్తుంది, హై వోల్టేజీ అంటే భయమూ భక్తీ రెండూ వస్తాయి.

లీకంటే గుర్తొచ్చింది. ఈ పనికి మన విశాఖ గాలి బద్ధశత్రువు. ఆగస్టులో ఛాంబర్ మూత గంటసేపు తెరిచి పెడితే లోపలి స్టీలు గోడలు తేమని పట్టేసుకుంటాయి. దాన్ని వదిలించడానికి ఛాంబర్‌ని రోజుల తరబడి వేడిచేస్తూ పంపు చెయ్యాలి. వేలిముద్ర ఒక్కటి పడినా చాలు. గ్లవ్స్ లేకుండా లోపలి భాగాలు ముట్టుకున్నవాణ్ణి మా ల్యాబులో వారం రోజులు ఎవరూ టీకి పిలిచేవారు కాదు.

ముందుగా ఒక చిన్న పని చెయ్యి. నిస్ట్ వాళ్ళ పరమాణు వర్ణపట పట్టిక ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ఐరన్ 14 తెరువు. కింది మట్టం సున్నా, దాని పైది 18852.5 అని సెంటీమీటరుకి తరంగాల లెక్కన ఉంటుంది. తిరగేసి తరంగదైర్ఘ్యం కట్టు. 530.3 రాదు, 530.43 వస్తుంది. లెక్క తప్పిందని కంగారుపడకు. 530.3 అన్నది గాలిలో తరంగదైర్ఘ్యం, నీకొచ్చింది శూన్యంలోది. గాలి వక్రీభవన గుణకంతో భాగించు, సరిపోతుంది. ఆదిత్య ఉన్నచోట గాలి లేదు, అయినా గీతని అందరూ గాలిలోని అంకెతోనే పిలుస్తారు, గ్రహణాలు నేలమీద నుంచి చూసిన కాలం నాటి అలవాటు. లెక్క కట్టి ఏమొచ్చిందో రాయి, వక్రీభవన గుణకం ఎన్ని దశాంశాల వరకు తీసుకున్నావో కూడా రాయి.